పాత లారీ ఎప్పుడు మరుగుతోంది? ఇంజిన్ వేడికి అసలు కారణం పట్టే తీరు

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్ల పక్కన పాత లారీలు ముందు గ్రిల్లు తీసేసి, రేడియేటర్ మూత చుట్టూ తడి గోనెగుడ్డ కప్పుకుని నిలబడి కనిపిస్తాయి. కారణం అడిగితే జవాబు ఒకటే: ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయి, ఇంజిన్ వేడెక్కడం వింతా అంటారు. ఎండ పాత్ర లేకపోలేదు గానీ నేరం దానిది కాదు.

రేడియేటర్ ఎంత వేడిని వదలగలదన్నది లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీరు 90 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. డిసెంబరు ఉదయం గాలి 20 డిగ్రీలైతే తేడా 70. మే మధ్యాహ్నం గాలి 42 అయితే తేడా 48. అదే రేడియేటర్, అదే ఫ్యాను, అదే లోడు. వేడిని వదిలే శక్తిలో మాత్రం దాదాపు మూడో వంతు పోయింది. కొత్తలో ఆ లారీ మే నెలను కూడా తట్టుకునే ఉంటుంది, ఎందుకంటే అంత ఎండకు సరిపడా సైజులోనే రేడియేటర్ బిగించారు. ఏళ్ళ తరబడి గొట్టాలు పూడిపోయి ఆ మిగులు కాస్తా కరిగిపోతే, ఆ సంగతి డిసెంబరులో తెలియదు. మేలో బయటపడుతుంది. ఎండ లోపాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని చూపిస్తుంది.

ఇక్కడి వివరాలన్నీ ఎలక్ట్రానిక్ కంట్రోల్ లేని, మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే పాత ఇంజిన్లకు వర్తిస్తాయి. టాటా 407లో వచ్చిన 497, పెద్ద లారీల్లో వచ్చిన 697, పాత లేలాండ్, ఐషర్ ఇంజిన్లు ఈ కోవలోవే. (497, 697 అంకెల్లోనే ఇంజిన్ జాతకం ఉంది: నాలుగు లేదా ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు.)

ముల్లు నిజం చెబుతోందా

డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు గురించి రెంచి పట్టే ముందు తేల్చుకోవాల్సింది ఇది. పాత బండ్లలో సెండర్ (నీటి వేడిని పసిగట్టి ముల్లుకు చెప్పే సెన్సారు) చెడిపోవడం, ఎర్త్ వైరు తుప్పు పట్టడం మామూలే. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు ఎగబాకితే అది ఎర్త్ లోపం, నీళ్ళకు సంబంధం లేదు. దీనికి తలకిందులైన ప్రమాదం ఇంకోటి ఉంది. నీరంతా కారిపోతే సెండర్ గాలిలో వేలాడుతుంది, ముల్లు కిందికే ఉంటుంది. డ్రైవరు నిశ్చింతగా తోలుతుంటాడు, ఇంజిన్ పట్టేస్తుంది. ముల్లు ఎప్పుడూ లేనంత చల్లగా చూపించినా బండి పక్కకు ఆపాల్సిందే.

ఖాయంగా తెలుసుకోవడానికి తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. మెరిసే ఇత్తడి మీదా, అల్యూమినియం మీదా అది అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. కొలవాల్సిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాలి. మూడు చోట్ల కొలవాలి: థర్మోస్టాట్ (నీరు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) హౌసింగ్, రేడియేటర్ పై ట్యాంకు, కింది ట్యాంకు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి పని చేస్తున్నప్పుడు పై ట్యాంకుకూ కింది ట్యాంకుకూ 6 నుంచి 12 డిగ్రీల తేడా ఉండటం ఆరోగ్యం. పైనా కిందా రెండూ కాలిపోతూ తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే నీరు తిరుగుతోంది, గాలి సరిపోవడం లేదు. పైన మరుగుతూ కింద చల్లగా ఉంటే గాలి సరిపోతోంది, నీరే కదలడం లేదు. సగం రోగనిర్ణయం ఈ రెండు అంకెల్లోనే అయిపోతుంది. రేడియేటర్ ముఖం మీద అడ్డంగా, నిలువుగా తుపాకీ తిప్పితే అక్కడక్కడ చల్లటి మచ్చలు తగులుతాయి. అవి పూడిపోయిన గొట్టాలు.

నిలబడితే వేడెక్కే బండి

బండి ఎప్పుడు వేడెక్కుతోందన్న ప్రశ్నకు డ్రైవరు దగ్గర మాత్రమే సరైన జవాబు ఉంటుంది. షెడ్డుకు వచ్చే సరికి అది ‘హీటెక్కుతోంది’ అన్న ఒక్క ముక్కగా కుంచించుకుపోతుంది. మెకానిక్ అడగాల్సింది ఆ ‘ఎప్పుడు’ గురించే.

ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు దిగిపోతే లోపం ఫ్యాను వైపు ఉంది. వేగంలో ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లార్చేస్తుంది, నిలబడినప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు. వేసవిలో బస్తీల్లో నీళ్ళు పోసే ట్యాంకర్లకు ఇది ముఖ్యమైన జబ్బు. నిలబడి, రేస్ పెంచి, పీటీఓ పంపుతో (బండి ఇంజిన్ శక్తితోనే తిరిగే పంపు) ట్యాంకు ఖాళీ చేస్తుంటే ఇంజిన్ మీద పని ఉంటుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు.

మొదట బెల్టు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మి.మీ. లోపలికి పోవాలి, అంతకు మించకూడదు. బిగువు సరిగ్గా ఉన్నా జారే బెల్టులు ఉంటాయి. వీ బెల్టు పక్కగోడలతో పట్టుకుంటుంది, అడుగుతో కాదు. అరిగిన బెల్టు గాడి అడుగుకు దిగి కూర్చుంటే ఎంత బిగించినా జారుతుంది, పైగా నీటి పంపు బేరింగు చెడుతుంది. పక్కగోడలు అద్దంలా మెరుస్తుంటే, గాడి అడుగు కూడా మెరుస్తుంటే బెల్టు మార్చే సమయం దాటిపోయినట్టే.

తర్వాత ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు, షెడ్లలో కౌల్ అనీ ష్రౌడ్ అనీ పిలుస్తారు. ఏదో రిపేరుకు విప్పి మళ్ళీ బిగించకుండా వదిలేసిన బండ్లు ఎన్నో. అది లేకపోతే ఫ్యాను రేడియేటర్‌లోంచి గాలి లాగదు, తన చుట్టూ ఉన్న వేడిగాలినే తిప్పుకుంటుంది. రెక్కల కొసకూ తొడుగుకూ మధ్య అంగుళానికి మించి సందు ఉండకూడదు. ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలు, అంటే మౌంటింగులు, కుంగిన బండ్లలో ఫ్యాను కిందికి దిగి పైన రెండంగుళాల సందు వదులుతుంది, కింద తొడుగును గీరుతుంది. ఆ గీతలే మౌంటింగ్ పోయిందన్న సాక్ష్యం.

ఫ్యాను తిరగేసి బిగించడం మరో పొరపాటు. అలా బిగిస్తే గాలి వెనక్కి తన్నుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. తిప్పే దిశ మారలేదు గనుక గాలి అటే పోతుంది. రెక్కల వంపు తిరగబడింది గనుక పరిమాణం బాగా తగ్గుతుంది. కాగితం పెట్టి చూస్తే రేడియేటర్‌కు అతుక్కుంటుంది, అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరకదు. రెక్క లోతైన వైపు తిరిగే దిశలో ముందుకు ఉండాలి.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది) ఉన్న బండ్లలో దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరే ధూళి బయటికి కనిపించదు. ముందు నుంచి చూస్తే రెండూ శుభ్రంగానే ఉంటాయి. విడదీస్తే మధ్యలో బూడిద రంగు దుప్పటి ఉంటుంది. పత్తి, ఊక, వరిగడ్డి తోలే లారీలకైతే ఇది ఏటేటా తప్పని పని. కడిగేటప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకు, తక్కువ ప్రెషర్‌తో నీరు కొట్టాలి. వాషింగ్ సెంటరు గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగి, దుమ్ము కన్నా పెద్ద అడ్డంకి తయారవుతుంది.

లోడుతో, ఎక్కుళ్ళ మీద

ఖాళీగా ఎంత దూరమైనా నడిచి, లోడుతో అనంతగిరి ఎక్కుడో శ్రీశైలం ఘాటో వచ్చే సరికి ముల్లు ఎర్రగీత తాకితే నీటి ప్రవాహాన్ని అనుమానించాలి. పూడిన రేడియేటర్, అరిగిన నీటి పంపు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం), చప్పిడి పడిపోయే కింది హోస్ పైపు, ఈ మూడే ఎక్కువ.

మూడోదాన్ని దాదాపు ఎవరూ చూడరు. కింది పైపు పంపు పీల్చే వైపు ఉంటుంది. వేడికి మెత్తబడ్డ రబ్బరు రేస్ పెంచినప్పుడు లోపలికి పీల్చుకుని మూసుకుపోతుంది, రేస్ తగ్గిస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకే షెడ్డులో ఐడ్లింగ్ మీద చూస్తే ఏమీ దొరకదు. ఒరిజినల్ పైపు లోపల స్టీలు స్ప్రింగు ఉండేది ఇందుకే. పైపు మార్చేటప్పుడు తుప్పు పట్టిందని స్ప్రింగు పారేసి ఉత్త రబ్బరు బిగిస్తే ఆ రోజే కొత్త జబ్బు మొదలైనట్టు. ఒకరు రేస్ పెంచుతుంటే ఇంకొకరు కింది పైపును కళ్ళారా చూడటమే పరీక్ష.

పంపు విషయంలో కింద ఉన్న చిన్న రంధ్రం కారితే సీలు పోయిందని అందరికీ తెలుసు. చుక్క కారకుండానే చెడిన పంపు గుర్తుపట్టడం కష్టం. బోరు నీళ్ళతో తుప్పు తిన్న ఇంపెల్లర్ రెక్కలు సగానికి తరిగిపోయి ఉంటాయి, లేదా ఇంపెల్లర్ షాఫ్టు మీద వదులై జారుతుంటుంది. పంపు విప్పకుండా వేరే దారి లేదు. కొత్తది బిగించే ముందు పాతదాని పక్కన పెట్టి రెక్కల ఎత్తు, లోతు పోల్చి చూసుకోవాలి. రాణిగంజ్‌లో అయినా ఆటోనగర్‌లో అయినా ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల పంపులు దొరుకుతాయి. పలుచటి రేకు ఇంపెల్లర్ ఉన్నది ధర తక్కువ, ఎక్కుడు మీద పని కూడా తక్కువే.

నీటికి సంబంధం లేని కారణాలూ ఇక్కడే కలుస్తాయి. పొగగొట్టంలో ఉండే ఎగ్జాస్ట్ బ్రేకు మూత, అంటే బటర్‌ఫ్లై, సగం మూసుకుని ఇరుక్కుంటే పొగ లోపలే ఆగి ఇంజిన్ ఉడుకుతుంది. ఒక చక్రం బ్రేకు పట్టేసి ఉంటే ఇంజిన్ రోజంతా దాన్ని ఈడుస్తుంది. థర్మామీటరుతో డ్రమ్ములు వరసగా కొలిస్తే ఒకటి మిగతావాటి కన్నా ఎంతో వేడిగా దొరికిపోతుంది. డీజిల్ పంపు టైమింగ్ ఆలస్యమైనా, డీజిల్ ఎక్కువ పోతున్నా నల్లపొగతో పాటు వేడీ పెరుగుతుంది. టాప్ గేరులోనే ఎక్కుడు ఎక్కించే అలవాటు కూడా కారణమే: ఇంజిన్ మెల్లగా తిరిగితే ఫ్యానూ పంపూ మెల్లగానే తిరుగుతాయి, లోడు మాత్రం పూర్తిగా ఉంటుంది.

బోరు నీళ్ళ బాకీ

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. బోర్లలో వచ్చే చాలా నీళ్ళు కాఠిన్యం ఎక్కువున్నవే, బిందె అడుగున తెల్లగా పేరుకునే గార చూస్తే తెలుస్తుంది. ఆ గారే రేడియేటర్ గొట్టాల్లో, అంతకన్నా ముఖ్యంగా సిలిండర్ హెడ్ లోపలి నీటి దారుల్లో పేరుకుంటుంది. గార వేడిని మోసే శక్తి పోత ఇనుములో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. అంటే వాల్వుల చుట్టూ ఒక్క మి.మీ. గార పట్టిందంటే అక్కడ దాదాపు అంగుళం మందం ఇనుము అదనంగా పోసినట్టే. ముల్లు మామూలుగా ఉన్నా లోపల లోహం కాలుతుంటుంది. హెడ్ పగుళ్ళు చాలావరకు ఇలాంటి చోట్లే పుడతాయి. ఇంట్లో టీకి మినరల్ వాటర్, లారీకి బోరు నీళ్ళు పోయడం ఆ లెక్కన ఖరీదైన పొదుపు.

మన దగ్గర నీళ్ళు గడ్డకట్టవు, రేడియేటర్ నీళ్ళలో కలిపే కూలెంట్ ఎందుకన్న వాదన షెడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలే ఇక్కడ అసలు సరుకు. వెట్ లైనర్లున్న (సిలిండర్ గొట్టం బయటి గోడను నీరు నేరుగా తాకే) ఇంజిన్లలో అవి లేకపోతే లైనరు వణుకుడుకు పుట్టే బుడగలు పేలుతూ బయటి గోడకు సూదిమొన చిల్లులు పెడతాయి. మరిగే స్థానం పెరగడం రెండో లాభం. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో ఉత్త నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్ మూత పట్టి ఉంచే ప్రతి పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) ప్రెషర్‌కు సుమారు డిగ్రీన్నర కలుస్తుంది. 7 పీఎస్ఐ మూత సరిగ్గా పనిచేస్తే పది డిగ్రీల పైన రక్షణ. రబ్బరు ఎండిన మూత, గుడ్డ చుట్టిన మూత ఇచ్చే రక్షణ సున్నా. మోడల్‌కు చెప్పిన రేటింగ్ దాటి పెద్ద మూత పెట్టకూడదు, పాత ట్యాంకు అతుకులు విడిపోతాయి. చల్లారాక పై పైపు చప్పిడి పడి కనిపిస్తే మూతలోని రెండో వాల్వు, అంటే నీటిని వెనక్కి పీల్చనిచ్చేది, పట్టేసిందని అర్థం.

గార వదిలించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) చాలు. థర్మోస్టాట్ తీసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి పోసి, ఇంజిన్‌ను పని వేడిలో అరగంట నుంచి ముప్పావుగంట నడపాలి. చల్లారాక వదిలేసి, మంచినీళ్ళతో కడిగి, లీటరుకు 10 గ్రాముల వంటసోడా నీటితో ఒకసారి, మళ్ళీ మంచినీటితో రెండుసార్లు కడగాలి. రాగి, ఇత్తడి రేడియేటర్లకు ఇది సరిపడుతుంది. అల్యూమినియం భాగాలున్న బండికి ఆసిడ్ మందులు వద్దు, కంపెనీ ఫ్లష్ వాడాలి. గార మరీ ముదిరితే రేడియేటర్ షాపులో పై ట్యాంకు టంకం విప్పి, గొట్టాల్లో సన్నటి పట్టీలు దూర్చి గీకే రాడింగే దారి. ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం రేడియేటర్‌కు ఆ వీలు లేదు, మార్చడమే. రాడింగ్ చేయించిన రేడియేటర్‌ను బండికి ఎక్కించే ముందు కింది రంధ్రం తెరిచి పైనుంచి బక్కెట్టు నీళ్ళు కుమ్మరించాలి. పోసినంత జోరుగా కింద పడకపోతే పని సగమే జరిగింది.

థర్మోస్టాట్ పారేయడం

వేసవి రాగానే థర్మోస్టాట్ తీసేయడం నగరంలో దాదాపు ఆచారం. నీళ్ళు అడ్డు లేకుండా తిరుగుతాయి గదా అన్న ఊహ బాగానే ఉంటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు. రేడియేటర్ దారి తెరుస్తూనే, నీటిని తిరిగి పంపుకు పంపే బైపాస్ దారి మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ శాశ్వతంగా తెరిచి ఉంటుంది. వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగిపోతుంది, లోడు పెరిగే కొద్దీ వేడి పెరుగుతుంది. చల్లదనం కోసం చేసిన పనే ఉడికిస్తుంది. తెల్లవారుజామున ఇంజిన్ గంటల తరబడి చల్లగా నడవడం వల్ల కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగి, రింగులు అరగడం అదనపు నష్టం.

అనుమానముంటే పరీక్ష వంటింట్లోనే అవుతుంది. నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా, పక్కన థర్మామీటరు పెట్టి కాచాలి. దాని మీద 71, 76, 82 అని ఏ అంకె ఉంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో 10 నుంచి 15 డిగ్రీల లోపు పూర్తిగా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి.

గ్యాస్కెట్టే అనుకునే ముందు

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడి, రేడియేటర్‌లో బుడగలు వస్తే అందరి నోటా వచ్చే మాట హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు. నిర్ధారణకు థర్మోస్టాట్, ఫ్యాను బెల్టు తీసి, నీరు అంచు దాకా నింపి, చల్లటి ఇంజిన్‌ను నిమిషం పాటు నడపాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేస్తూ పోవాలి. ఏ సిలిండర్ ఆపితే బుడగలు తగ్గాయో లీకు అక్కడ. నట్టు వదిలినప్పుడు డీజిల్ కంటికీ ఒంటికీ తగలకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి.

ఏ సిలిండర్ ఆపినా బుడగలు తగ్గకపోతే ఆగి ఆలోచించాలి. ఎయిర్ బ్రేకు లారీల్లో చాలావాటికి బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ హెడ్డును కూడా ఇంజిన్ నీళ్ళే చల్లారుస్తాయి. దాని గ్యాస్కెట్ పోయినా, హెడ్ చిట్లినా గాలి నేరుగా నీళ్ళలోకి దూరుతుంది. లక్షణాలు అచ్చం హెడ్ గ్యాస్కెట్ లక్షణాలే. కంప్రెసర్‌కు పోయే రెండు నీటి పైపులు విప్పి, ఇంజిన్ వైపు రంధ్రాలను చిన్న పైపుతో కలిపి మళ్ళీ చూస్తే నిమిషంలో తేలిపోతుంది. రోజు పనితో, చిన్న గ్యాస్కెట్‌తో పోయేదానికి హెడ్ విప్పిన బిల్లు కట్టిన ఓనర్లు తక్కువేమీ కాదు.

హెడ్డే విప్పాల్సి వస్తే, కారణం దొరక్కుండా కొత్త గ్యాస్కెట్ వేయడం దండగ. స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలల మీదుగా ఆనించి కింద సందును ఫీలర్ గేజ్‌తో (కొలత పట్టే పలుచటి స్టీలు పట్టీలు) చూడాలి. మాన్యువల్ పరిమితి తెలియనప్పుడు 0.1 మి.మీ. పట్టీ దూరితే ఫేసింగ్ (మెషీన్ మీద చదును చేయడం) చేయించాలి. ఫేసింగ్ తర్వాత వాల్వులు ఎంత లోతున కూర్చున్నాయో, ఇంజెక్టరు మొన ఎంత పొడుచుకొచ్చిందో కొలవకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది. బోల్టు రంధ్రాల్లో నూనె, నీరు మిగిలితే టార్క్ రెంచి తప్పు చెబుతుంది, అందుకే గాలి కొట్టి ఆరబెట్టాలి. బిగించడం మధ్య నుంచి అంచులకు, మూడు విడతల్లో.

నీళ్ళు నింపడం, చూసుకోవడం

కడిగిన తర్వాత బ్లాకులో కొంత నీరు మిగిలే ఉంటుంది. అందుకని ముందే కలిపిన కూలెంట్ పోస్తే పలచబడుతుంది. మొత్తం 14 లీటర్లు పట్టే బండికి 7 లీటర్ల గాఢ కూలెంట్ ముందు పోసి, మిగతాది బ్యాటరీ నీళ్ళతో (డిస్టిల్డ్ వాటర్, ఆసిడ్ కాదు) నింపితే సగం సగం లెక్క కుదురుతుంది. ఉత్త గాఢ కూలెంటుతోనే నింపితే మేలు కాదు, అది నీటి కన్నా తక్కువ వేడి మోస్తుంది. పచ్చదీ నారింజదీ కలపకూడదు. బండి ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, మెల్లగా పోస్తూ, మూత లేకుండా థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడిపి, పైపులు పిసుకుతూ బుడగలు పోనివ్వాలి.

దారిలో మరిగినప్పుడు చేయాల్సింది వేరు. బెల్టు తెగినా, నీరు కారిపోయినా వెంటనే ఆపేయాలి. నీరుండి, ఫ్యాను తిరుగుతుంటే రెండు మూడు నిమిషాలు కొంచెం రేస్‌తో నడపనిచ్చి ఆపడం మంచిది. లేకపోతే లోపల నిలిచిన వేడికి ఆపాక పొంగుతుంది. మూత అరగంటకు ముందు ముట్టుకోకూడదు. నీరు పోయిన ఇంజిన్‌లో వేడి మీద చన్నీళ్ళు పోస్తే హెడ్ పగులుతుంది.

రిపేరు అయ్యాక పరీక్ష లోడుతోనే జరగాలి, షెడ్డు ముందు ఐడ్లింగ్‌తో కాదు. ఎక్కుడు ఎక్కించి దింపి, పై ట్యాంకు, కింది ట్యాంకు అంకెలు రాసుకోవాలి. మర్నాడు పొద్దున్నే, చల్లటి ఇంజిన్ మీద మూత తీసి మట్టం చూడాలి. నేల తడవకుండా మట్టం తగ్గిందంటే స్టార్ట్ చేయకముందే ఆయిల్ చాంబరు ప్లగ్గును ఒకటి రెండు చుట్లు వదులు చేయాలి. నీరు నూనె కన్నా బరువు గనుక రాత్రంతా అడుక్కి దిగి, ఉంటే ముందు అదే కారుతుంది. కారింది నల్లటి ఆయిలే అయితే ప్లగ్గు బిగించి, ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తెరిచి చూడాలి. అక్కడ కూలెంట్ రంగు కనిపిస్తే వెతకాల్సింది కంప్రెసర్ హెడ్డులోనే.